టీచరు ఆరోగ్యాన్ని కూడా బడి వనరుగా లెక్కగట్టండి: పాఠశాల విద్యాశాఖ పెద్దలకు బహిరంగ లేఖ

పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, జిల్లా పాలనాధికారులకు, మండల విద్యాధికారులకు, ఉపాధ్యాయ సంఘాల పెద్దలకు,

నమస్కారం.

నేను నెల్లూరు జిల్లా ఉదయగిరి మెట్ట ప్రాంతంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం టీచరుగా పనిచేసి, ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరయ్యాను. సర్వీసులో ఉన్నవాళ్లు ఇలాంటి లేఖ మీద సంతకం పెట్టలేరు. ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదని 1964 నాటి ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. నాకిప్పుడు ఆ అడ్డంకి లేదు. అందుకే వాళ్లు స్టాఫ్ రూముల్లో, ఆర్టీసీ బస్సుల్లో, ఆసుపత్రి వరండాల్లో చెప్పుకుంటున్న మాటలను నేను రాస్తున్నాను.

ముందు అర్జీ ఇచ్చి, జవాబు కోసం చూసి, ఆ తర్వాతే ఈ లేఖకు దిగాం. రిటైరైన టీచర్లం కొందరం, మాతోపాటు కొందరు తల్లిదండ్రులు కలిసి సోమవారం గ్రీవెన్సులో వినతిపత్రం ఇచ్చాం. కొన్నాళ్లకు 'మీ అర్జీ పరిష్కరించబడింది' అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారని కనుక్కుంటే, ఉపాధ్యాయులకు ఒత్తిడి నివారణపై ఆన్‌లైన్ శిక్షణ ఇచ్చామని రాసి అర్జీ మూసేశారు. ఆ శిక్షణ పెట్టింది ఆదివారం. హాజరైనట్టు స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టమన్నారు. రెండోసారి రాసిన ఉత్తరానికి జవాబే లేదు. అది ఏ కార్యాలయమో ఇక్కడ రాయను. ఒకరిద్దరు అధికారులను వేలెత్తి చూపినంత మాత్రాన ఈ సమస్య తీరదు.

జీతాలు, డీఏ బకాయిలు, పీఆర్సీ గురించి ఇందులో ఒక్క మాట కూడా ఉండదు. వాటిని అడగడానికి సంఘాలున్నాయి. మేం అడిగేది ఒక్కటే. టీచరు ఆరోగ్యాన్ని, ఓపికను, తన మీద తనకున్న నమ్మకాన్ని బడి వనరులుగా లెక్కగట్టండి. బెంచీలు, ఫ్యాన్లు, కుళాయిలు లెక్కపెట్టే శ్రద్ధతోనే వీటినీ చూడండి. ఇవి తరిగిపోతే ముందుగా నష్టపోయేది ఆ క్లాసులో కూర్చున్న పిలకాయలు.

జరిగిన మేలును కాదనను. 2019 నవంబరు 14న ఒంగోలులో బడులను బాగుచేసే నాడు–నేడు పథకం మొదలయ్యాక మా మెట్ట ఊళ్ల బడులకు కూడా ప్రహరీలు, ఫ్యాన్లు, నీళ్ల ట్యాంకులు వచ్చాయి. మూడు, నాలుగు, ఐదు తరగతులను ఊరి బడి నుంచి హైస్కూళ్లకు తరలించిన 2022 నాటి 117 జీవో 2025లో రద్దయింది. అదే ఏడాది 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ జరిగి, కుర్ర టీచర్లు బడుల్లోకి వచ్చారు. ఎంతో సంతోషం. అయితే వాళ్లలో ఒకమ్మాయి ఉద్యోగంలో చేరిన కొద్దినాళ్లకే మా ఇంటికొచ్చి, "మేడమ్, పాఠం చెప్పడానికి టైమ్ ఎప్పుడు దొరుకుతుంది?" అని అడిగింది. అంత కష్టపడి ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయి అడగాల్సిన ప్రశ్న కాదది.

బర్నౌట్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టంగా చెప్పింది. అది జబ్బు కాదని, పనిచేసేచోట ఎడతెగని ఒత్తిడిని సరిగా పట్టించుకోకపోతే వచ్చే పరిస్థితి అని తన వర్గీకరణలో రాసింది. దానికి మూడు లక్షణాలు చెప్పింది. ఒంట్లో శక్తి ఇంకిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, తన వల్ల ఏమీ కావడం లేదనిపించడం. కారణం పనిలో ఉన్నప్పుడు మందు కూడా పనిలోనే వేయాలి. ధ్యానం వీడియోలు పంపి, పనిభారాన్ని ఉన్నదున్నట్టు వదిలేస్తే ఏమవుతుందో మా మెట్ట రైతునడిగినా చెబుతాడు. నీళ్లు అడుగంటిన బోరుకు పెద్ద మోటారు బిగిస్తే మోటారే కాలిపోతుంది.

మా దగ్గర జరుగుతున్నది ఇదీ:

1. మొదటి పీరియడు ఎటు పోతోంది?

2022 నుంచి టీచర్లు ఫోన్‌కు ముఖం చూపించి హాజరు వేస్తున్నారు. హాజరు కచ్చితంగా ఉండాలనే విషయంలో నాకు రెండో మాట లేదు. బడికి రాకుండా జీతం తీసుకున్నవాళ్లు మా వృత్తిలోనూ ఉన్నారు, వాళ్ల మీద చర్య తీసుకోవాల్సిందే. అయితే సీతారామపురం, ఉదయగిరి మండలాల్లో వెలుగొండల పక్కనున్న ఊళ్లకు ఒకసారి వచ్చి చూడండి. సిగ్నల్ బడి వెనకాల ఏదో ఒక మూలే దొరుకుతుంది. తొమ్మిది కొట్టేలోపు హాజరు పడాలి. పిల్లలు ప్రేయర్‌కు వరుసలో నిలబడి ఉంటారు, టీచరు ప్రహరీ దగ్గర ఫోన్ పైకెత్తి పట్టుకుని ఉంటుంది. ఆ టెన్షన్‌తోనే ఆమె రోజు మొదలవుతుంది.

ఆ తర్వాత పిల్లల హాజరు. అన్నానికి ఎంతమంది, గుడ్లు ఎన్ని, చిక్కీలు ఎన్ని. వీటి మధ్యలో బడి గణాంకాలకు సంబంధించిన యూడైస్ వివరాలు, ప్రతి పిల్లవాడికీ ఇచ్చే అపార్ గుర్తింపు నంబర్లు, ఆధార్‌లో పేరు తప్పుపడితే ఆ పిల్లవాడి అమ్మకు ఫోన్లు. అమ్మేమో బెంగళూరులో పనిలో ఉంటుంది, ఫోన్ ఎత్తదు. ఇంతలో గంట మోగుతుంది.

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుతో సంబంధం లేని పనులకు టీచర్లను వాడకూడదు. ఈ లెక్కలు ఎక్కించడం చదువుకు సంబంధించిన పనేనని ఎవరైనా వాదించవచ్చు. కానీ ఆ సెక్షన్ రాసినవాళ్ల ఉద్దేశం ఏమిటో మీకూ తెలుసు, మాకూ తెలుసు. అదే చట్టం షెడ్యూలులో టీచరు పని వారానికి 45 గంటలని, పాఠం తయారు చేసుకునే సమయం కూడా అందులోనే కలిసి ఉంటుందని రాసి ఉంది. ఇవాళ పాఠం తయారీకి మిగిలింది రాత్రి పది దాటాక, ఇంట్లో అందరూ పడుకున్న తర్వాతి సమయమే.

2. నీళ్లు తాగని టీచర్లు, గొంతు పోయిన టీచర్లు

నేనెరిగిన ఒక ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) పొద్దున ఆరున్నరకు ఇల్లు వదులుతుంది. బస్సు దిగి, షేర్ ఆటో ఎక్కి, చివర కొంత నడిచి బడికి చేరుతుంది. బ్యాగులో లీటరు నీళ్ల సీసా ఉంటుంది. సాయంత్రం ఇంటికెళ్లి సీసా బయటికి తీస్తే నీళ్లు ముప్పావు అలాగే ఉంటాయి. ఏప్రిల్ ఎండల్లోనూ అంతే. ఎందుకంటే నీళ్లు తాగితే మరుగుదొడ్డికి వెళ్లాలి. బడిలో ఉన్నది పిల్లలందరికీ కలిపి ఒకటే, దాని తలుపుకు గడియ పడదు. మొన్నమొన్నటిదాకా ఆ మరుగుదొడ్డి ఫొటో రోజూ పైకి వెళ్లేది. టీచరమ్మకు గడియ పడే గది ఒకటి ఉందా అని తనిఖీకి వచ్చినవాళ్లెవరూ అడగలేదు.

నేను జీవశాస్త్రం చెప్పినదాన్ని. నీళ్లు తక్కువ తాగి, మూత్రాన్ని గంటల తరబడి ఆపుకుంటే మూత్రనాళంలో బ్యాక్టీరియా పెరుగుతుందని పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. ఈ అమ్మాయికి ఆ ఇన్‌ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తోంది. చలిజ్వరంతోనే క్లాసులో కుర్చీలో కూర్చుని, "చూచిరాత రాయండిరా" అంటోంది. చూచిరాత రాసిన ఆ రోజు పిల్లలకు చదువు లేనట్టే. అలాంటి రోజులు ఏ యాప్‌లోనూ కనిపించవు, హాజరు మాత్రం పూర్తిగా ఉంటుంది.

ఇక గొంతు. రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి ఏళ్ల తరబడి అరిచి చెబితే స్వరపేటిక మీద కాయల్లాంటివి వస్తాయి. వీటికి ముందు కావాల్సింది గొంతుకు విశ్రాంతి, మాట్లాడే తీరు మార్చుకునే శిక్షణ. వంద కిలోమీటర్ల దూరంలోని నెల్లూరు వెళ్లి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకుంటే, కొన్ని వారాలు గట్టిగా మాట్లాడొద్దంటారు. మాట్లాడకుండా రెండో తరగతికి అక్షరాలు నేర్పేదెలా? అందుకే నడుముకు కట్టుకునే చిన్న మైకు సెట్టు సొంత డబ్బుతో కొనుక్కుని, దానితోనే నెట్టుకొస్తున్నవాళ్లు మా మండలాల్లో ఉన్నారు.

స్టాఫ్ రూములో మధ్యాహ్నం టిఫిన్ బాక్సుల పక్కన బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రల స్ట్రిప్పులు కనిపిస్తాయి. నలభై దాటనివాళ్ల దగ్గర కూడా. హెల్త్ కార్డు అందరికీ ఉంది. ఆసుపత్రికి వెళితే ముందు డబ్బు కట్టండి, తర్వాత రీయింబర్స్‌మెంట్ పెట్టుకోండి అంటున్నారని చాలామంది చెబుతున్నారు. ఆ బిల్లులు ఎప్పటికి వస్తాయో చెప్పేవాళ్లు లేరు. దాంతో జబ్బు ముదిరేదాకా ఆగడం అలవాటైపోయింది.

3. ఒక్క టీచరు సెలవు పెడితే బడి మూత

కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ 2024–25 లెక్కల్లో దేశం మొత్తం మీద ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ మన ఆంధ్రప్రదేశ్‌లోనే, 12,912. అలాంటి బడిలో పనిచేసేవాళ్లకు మెడికల్ లీవు కాగితం మీదే ఉంటుంది. అవసరమైన బడులకు తిరిగే సీఆర్‌ఎంటీ టీచరును పంపుతామంటారు, ఆ ఒక్క మనిషి చేతిలో ఎన్నో బడుల పని. బడి మూతపడితే ఊళ్లో మాట పడాలి, పైనుంచి మెమో రావచ్చు. అందుకని జ్వరంతో వస్తారు, ఆపరేషన్ కుట్లు ఆరకముందే వస్తారు, ఇంట్లో చావు జరిగినా మూడో రోజుకే వస్తారు. వచ్చి ఏం చెప్పగలరు?

4. పిల్లల ముందు తిట్లు

ఈ అంశం గురించి కాస్త పొడుగ్గా రాయక తప్పదు. మా అర్జీలో కూడా దీన్నే మొదట పెట్టాం.

నాతో పనిచేసిన ఒక లెక్కల సార్ త్రికోణమితిని బయటే మొదలుపెట్టేవారు. పదో తరగతి పిల్లల చేత జెండా కర్ర నీడ కొలిపించేవారు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ఒకడు టేపు పట్టుకునేవాడు, ఒకమ్మాయి కోణం చూసేది, ఇంకొకరు రాసుకునేవారు. కర్ర ఎక్కకుండా దాని ఎత్తు తేల్చేవారు. ఆ తర్వాతే పుస్తకం తెరిచేవారు. లెక్కలంటే భయపడే పిల్లలు కూడా ఆ పీరియడు కోసం ఎదురుచూసేవారు.

ఒకరోజు సరిగ్గా ఆ సమయానికి తనిఖీ బృందం వచ్చింది. క్లాసులో ఉండాల్సిన పిల్లలు ఎండలో ఎందుకున్నారని పిల్లల ముందే నిలదీశారు. తర్వాత నోటు పుస్తకాలు తెప్పించి, దిద్దని పేజీలు తిప్పి చూపిస్తూ, 'నువ్వు' అని ఏకవచనంలో మాట్లాడారు. తల నెరిసిన మనిషి. పిల్లలు తలలు దించుకున్నారు, వెనక బెంచీలో ఇద్దరు నవ్వారు. సార్ ఏమీ అనలేదు.

ఆ తర్వాత ఆయన పాఠం పూర్తిగా మారిపోయింది. తలుపు వేసుకుని గైడులోని జవాబు బోర్డు మీద రాస్తారు. పిల్లలు ఎక్కించుకుంటారు. ప్రతి పేజీ ఎర్ర ఇంకుతో దిద్ది తేదీ వేస్తారు. తర్వాతి తనిఖీలో నోటు పుస్తకాలు చాలా బాగున్నాయని రాసి వెళ్లారు. జెండా కర్ర నీడను మాత్రం ఆ బడిలో మళ్లీ ఎవరూ కొలవలేదు. "ఎందుకు సార్, అంత బాగా చెప్పేవారు కదా" అని నేనడిగితే, "ఎందుకొచ్చిన గొడవ మేడమ్, ఇట్లా అయితే ఎవరూ ఏమీ అనరు" అన్నారు.

ఆ సార్ ఆరోగ్యం బాగానే ఉంది, ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. ఆయన పోగొట్టుకున్నది తన మీద నమ్మకం. మా ప్రాంతంలో పిల్లలకు జరుగుతున్న అతిపెద్ద నష్టం ఇదేనని నా అభిప్రాయం. తప్పు పట్టడానికి వీల్లేని పాఠం చెప్పడం టీచర్లకు అలవాటైంది. అలాంటి పాఠంలో ప్రశ్న ఉండదు, ప్రయోగం ఉండదు, అర్థంకాని పిల్లవాడి కోసం ఇంకోసారి ఆగడం ఉండదు.

బీఈడీలోనూ, డీఎస్సీ సైకాలజీకి చదివేటప్పుడూ మనమంతా మనస్తత్వ శాస్త్రవేత్త బండూరా పేరు చదువుకున్నాం. 'ఈ పని నేను చేయగలను' అనే నమ్మకం మనిషికి ఎక్కడినుంచి వస్తుందో ఆయన 1977లో చెప్పారు. సొంతంగా ఏదైనా సాధించినప్పుడు వస్తుంది. తనలాంటివాడు సాధించడం చూసినప్పుడు వస్తుంది. నమ్మదగిన మనిషి భుజం తట్టినప్పుడు వస్తుంది. ఒంటి స్థితి, మనసు స్థితి బాగున్నప్పుడు నిలుస్తుంది. మన బడుల్లో ఈ నాలుగూ ఎలా ఉన్నాయో చూడండి. అక్షరం రాని పిల్లవాడు ఏడాది తిరిగేసరికి వాక్యం చదివితే, ఆ టీచరు సాధించిన దాన్ని రాయడానికి ఏ ఫార్మాట్‌లోనూ చోటు లేదు. పదో తరగతి శాతానికే లెక్క. చుట్టుపక్కల బడులన్నీ కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒకప్పుడు ఒకరు మాదిరి పాఠం చెబితే మిగతావాళ్లం నేర్చుకునేవాళ్లం, ఇప్పుడు సగం పూట ఎంట్రీల గురించే. భుజం తట్టడం సంగతి సరే, రాత్రి తొమ్మిదిన్నరకు వాట్సాప్ గ్రూపులో వెనకబడినవారి పేర్లకు ఎర్ర రంగు వేసిన షీటు పెడుతున్నారు. అది చూశాక నిద్ర పట్టదని చెప్పినవాళ్లు ఎంతోమంది. ఒంటి సంగతి పైన రాశాను.

తిట్లు తిన్న టీచరు మాట మర్నాటి నుంచి పిల్లలు వినరన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. బడిలో క్రమశిక్షణ తగ్గిందని అందరూ బాధపడుతున్నారు. దానికి ఇదీ ఒక కారణం.

5. యాభై ఏళ్లకు టెట్

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రిటైర్మెంటుకు ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్న టీచర్లు రెండేళ్లలో టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) పాసవ్వాలి. తీర్పును నేను తప్పుపట్టను. కానీ తన దగ్గర చదువుకున్న పిల్లలతో కలిసి అదే కంప్యూటర్ సెంటర్లో పరీక్ష రాయాల్సిన టీచరు మనసు ఎలా ఉంటుందో ఆలోచించండి. తప్పితే ఉద్యోగమే పోతుందన్న భయంతో, పగలంతా బడి చేసి, రాత్రిళ్లు కోచింగ్ వీడియోలు చూస్తున్నారు. ఈ రెండేళ్లు వాళ్ల క్లాసులో కూర్చున్న పిల్లలకు మిగిలేది అలసిపోయిన టీచరే. వాళ్లకు సాయం చేయాల్సిన బాధ్యత శాఖది.

6. ఊరికి జరిగే నష్టం

పెన్నా కాలువల కింద ఊళ్లు వేరు, మా ఊళ్లు వేరు. వానలు తప్పితే మెట్టలో పని ఉండదు. తల్లిదండ్రులు హైదరాబాదుకో, బెంగళూరుకో, చెన్నైకో వెళ్లిపోతారు. పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. 2011 జనాభా లెక్కల్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత దాదాపు 69 శాతం. ఈ అవ్వలు ఎక్కువమంది చదువు లేనివాళ్లే. ఒక అవ్వ ప్రతి నెలా బడికి వచ్చి, "మేడమ్మా, మా పిలకాయకు చదువు వస్తుండాదా? నాకేం తెలుస్తాది, మీరే చూసుకోవాల" అనేది. ఆ ఇంట్లో ట్యూషన్ లేదు, హోంవర్కు చూసే అన్న లేడు. ఆ పిల్లవాడికి అక్షరం వస్తే బడిలోనే రావాలి, టీచరు నోటి నుంచే రావాలి.

టీచరుకు ఓపిక లేదని ఊరికి తెలియడానికి ఎన్నాళ్లో పట్టదు. కాస్త వీలున్నవాళ్లు అప్పు చేసి ప్రైవేటు స్కూలు వ్యాను ఎక్కిస్తారు. సంఖ్య తగ్గుతుంది, సంఖ్య తగ్గిందని పోస్టు పోతుంది, మిగిలిన ఒక్క టీచరు మీద భారం ఇంకా పెరుగుతుంది. చివరికి ఆ బడిలో మిగిలేది అప్పు కూడా పుట్టని ఇళ్ల పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు. పక్కూరి హైస్కూలుకు పంపడానికి భయపడి మాన్పించేస్తారు. ఆ తర్వాత ఏమవుతుందో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల వయసు మహిళల్లో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దీనికంతటికీ టీచరు అలసటే కారణమని నేననను. కానీ "అమ్మాయిని ఇంకో రెండేళ్లు చదివించండమ్మా" అని ఇంటికెళ్లి కూర్చుని ఒప్పించే టీచర్లు నా సర్వీసు మొత్తం నాతో ఉన్నారు. ఒంట్లో సత్తువ, మనసులో ధైర్యం ఉన్నవాళ్లే ఆ పని చేయగలరు.

"అంత జీతం తీసుకుంటూ ఈ బాధలేమిటి?" అని జనం అడుగుతారని తెలుసు. అడగడం వాళ్ల హక్కు. మధ్యాహ్న భోజనం వండే అమ్మల కష్టం టీచర్ల కష్టం కంటే పెద్దదని కూడా నాకు తెలుసు. వాళ్ల గురించి విడిగా రాయాలి. ఇక్కడ చెప్పేదల్లా, జీతం ఇచ్చి పెట్టుకున్న మనిషి చేత జీతం ఇచ్చిన పనినే చేయించుకోండి అని. ఆ జీతం ప్రజలది.

మా డిమాండ్లు:

1. ఏ తనిఖీలోనైనా టీచరును పిల్లల ముందు, తల్లిదండ్రుల ముందు మందలించకూడదని రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వండి. లోపముంటే ప్రధానోపాధ్యాయుల గదిలో చెప్పండి, కాగితం మీద రాయండి, టీచరు జవాబు కూడా అదే కాగితం మీద తీసుకోండి. తనిఖీకి వచ్చిన అధికారి కనీసం ఒక పీరియడు మొత్తం కూర్చుని పాఠం వినాలి. నోటు పుస్తకం చూసి పాఠాన్ని అంచనా వేయడం ఆపండి. వీలైతే ఆ అధికారే ఒక పాఠం చెప్పి చూపించాలి. అలా చెప్పిన అధికారులను నా సర్వీసులో చూశాను, వాళ్ల పేర్లు టీచర్లు ఇప్పటికీ తలుచుకుంటారు.

2. గుడ్లు, చిక్కీల లెక్కలు, ఆధార్ సవరణలు టీచర్ల నుంచి తీసేయండి. గ్రామ సచివాలయాల్లో సంక్షేమ, విద్యా సహాయకులు ఉన్నారు. వాళ్లకు అప్పగించండి, లేదా ప్రతి స్కూల్ కాంప్లెక్సుకు ఒక డేటా ఆపరేటర్‌ను ఇవ్వండి. సిగ్నల్ లేని ఊళ్ల జాబితా మండలంవారీగా తీసి, అక్కడ హాజరుకు వేరే మార్గం చూపండి.

3. ప్రతి బడిలో మహిళా టీచర్లకు గడియ పడే తలుపు, నీళ్లు ఉన్న మరుగుదొడ్డి ఒకటి విడిగా ఉండాలి.

4. సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారాల్లో గూగుల్ మీట్‌లు, వాట్సాప్ ఆదేశాలు వద్దు. పేర్లకు రంగులు వేసి గ్రూపుల్లో పెట్టడం పూర్తిగా మానుకోవాలి.

5. ప్రతి మండలానికి కొందరు రిజర్వ్ టీచర్లను నియమించండి. ఏకోపాధ్యాయ బడిలో టీచరు సెలవు పెడితే మర్నాడే వాళ్లలో ఒకరు అక్కడ ఉండాలి. కొత్త నియామకాలు జరిగేటప్పుడు ఈ పోస్టులను కూడా లెక్కలో చేర్చండి.

6. ఏడాదికోసారి టీచర్లందరికీ బీపీ, షుగర్, థైరాయిడ్, కళ్లు, గొంతు పరీక్షలు మండల కేంద్రంలోనే జరిపించండి. గొంతు డాక్టరు నెల్లూరు నుంచి ఉదయగిరికి, ఆత్మకూరుకు, కావలికి క్యాంపుగా రావచ్చు. హెల్త్ కార్డు తీసుకోని ఆసుపత్రుల మీద ఫిర్యాదు చేస్తే జవాబు చెప్పే అధికారి పేరు ప్రకటించండి.

7. మనసు బాగోలేని టీచరు భయం లేకుండా చెప్పుకునే ఏర్పాటు చేయండి. మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే టెలి మానస్ నంబరు 14416 దేశమంతటా 2022 నుంచి పనిచేస్తోంది. అది ప్రతి స్టాఫ్ రూములో గోడ మీద ఉండాలి. జిల్లాలో ఒక కౌన్సెలర్ ఉండాలి. అక్కడ చెప్పుకున్న మాట సర్వీసు రిజిస్టరుకు గానీ, పై అధికారికి గానీ చేరదని రాతలో హామీ ఇవ్వాలి. ఆ హామీ లేకపోతే ఒక్కరు కూడా రారు.

8. టెట్ రాయాల్సిన టీచర్లకు వేసవిలో డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) అధ్యాపకుల చేత ఉచితంగా తరగతులు పెట్టించండి. పరీక్షకు ముందు కొన్ని రోజులు చదువుకోవడానికి సెలవు ఇవ్వండి.

సంఘాల పెద్దలకు ఒక మాట. డీఏ కోసం, బదిలీల కోసం మీరు చేసిన పోరాటాల వల్ల మేమంతా మేలు పొందాం. ఇకనుంచి మీ మెమోరాండాల్లో గడియ లేని మరుగుదొడ్డికి, పోయిన గొంతుకు, పిల్లల ముందు పడిన తిట్లకు కూడా పై వరుసల్లోనే చోటు ఇవ్వండి. తల్లిదండ్రులకు ఒక మనవి. పేరెంట్స్ కమిటీ మీటింగుకు వెళ్లినప్పుడు మీ పిల్లవాడి మార్కులతో పాటు, బడిలో ఎంతమంది టీచర్లు ఉండాలి, ఎంతమంది ఉన్నారు, ఈ నెలలో చదువు కాకుండా ఇంకేం పనులు చేశారు అని అడిగి, జవాబు మినిట్స్‌లో రాయించండి.

రాధాకృష్ణన్ గారి పూర్వీకుల ఊరు సర్వేపల్లి మన జిల్లాలోనే ఉంది. సెప్టెంబరు 5న వేదిక మీద శాలువాలు కప్పేటప్పుడు ఆ మాట ప్రతి ఏడూ వింటాం. ఆ రోజు వేదికల మీద ఈ ఎనిమిది డిమాండ్లలో ఎన్ని అమలయ్యాయో చదివి వినిపించాలని కోరుతున్నాం.

మొదటి నాలుగింటికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. మూడోదానికి బడి నిర్వహణ నిధులు సరిపోతాయి, మిగతా వాటికి ఒక సర్క్యులర్ చాలు. అందుకే ఆ నాలుగింటి మీద వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచేలోగా ఉత్తర్వులు అడుగుతున్నాం. మిగిలినవి ఎప్పటిలోగా చేస్తారో తేదీలతో చెప్పండి. నెల్లూరుకు రమ్మంటే వస్తాం, మీరే ఉదయగిరి వైపు వస్తే ఇంకా మంచిది. ఏ బడులు చూడాలో జాబితా మా దగ్గర సిద్ధంగా ఉంది. ముందుగా చెప్పకుండా, మామూలు బడి రోజున పొద్దున తొమ్మిదికి రండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రధానోపాధ్యాయురాలు,
ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా
(తోటి విశ్రాంత ఉపాధ్యాయులు, కొందరు తల్లిదండ్రుల తరఫున)